తాజాదనానికి కాటా ఏది?

రొయ్యల చెరువు పట్టుబడి రోజున గట్టు మీద రెండు లెక్కలు అందరి కళ్లముందే జరుగుతాయి. ఒకటి తూకం, రెండోది కౌంటు. కాటా మీద అనుమానం వస్తే మన రాయి పెట్టి చూసుకుంటాం. కౌంటు దగ్గర తగువు వస్తే ఇంకో ట్రేలోంచి కిలో తీసి మళ్లీ లెక్కపెడతాం. మూడో లెక్క మాత్రం గట్టు మీద జరగదు. మర్నాడు ఫోనులో జరుగుతుంది. "సరుకు తాజాగా లేదండీ, తలలు జారుతున్నాయి, కిలోకు ఇంత తగ్గిస్తున్నాం" అంటాడు ఏజెంటు. ఆ లెక్క ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో, ఏం చూసి వేశారో రైతుకు తెలియదు.

కిందటి ఎండాకాలం నాకు జరిగింది చెబుతాను. తెల్లవారుజామున నాలుగింటికి వల లాగాం. నాలుగు టన్నుల సరుకు. కొనుగోలుదారుడు పంపాల్సిన ఐసు వ్యాను రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. వచ్చిన ఐసు కూడా అరకొరే. ఆ రెండు గంటలూ రొయ్య ట్రేల్లో తడిగోనె కింద ఉంది. మర్నాడు కిలోకు 15 రూపాయలు కోత పెట్టారు. అంటే 60 వేలు. "ఆలస్యం మీ ఐసు బండిది కదా" అంటే "మాకు ప్లాంటులో కనిపించిందే లెక్క" అన్నారు. బండి ఎన్నింటికి వచ్చిందో నా దగ్గర రాసిపెట్టిన కాగితం లేదు. తప్పు ఎవరిదైనా నష్టం నాదే అయింది.

ఆ రోజు నుంచి నాకు ఒకటే అనిపిస్తోంది. తాజాదనం అంటే కొనేవాడి నోటిమాట కాదు. అది కొలవదగ్గ వస్తువు. తూకానికి, కౌంటుకు ఉన్నట్టే దానికీ గట్టు మీదే, ఇద్దరి సమక్షంలో, కాగితం మీద లెక్క పడాలి. ఈ డిమాండును మన సంఘం చేతిలోకి తీసుకోవాలి.

ముందుగా ఆ కొలత ఎలా ఉంటుందో మనకు తెలియాలి. రొయ్యయినా చేపయినా ప్రాణం పోయిన క్షణం నుంచి ఒక గడియారం నడవడం మొదలవుతుంది. దాన్ని ఆపలేం, నెమ్మది చేయగలం అంతే. నెమ్మది చేసేది ఐసు. ఎంత నెమ్మది చేస్తుందో చెప్పే ఒక సూత్రం ఉంది. కరుగుతున్న ఐసులో, అంటే సున్నా డిగ్రీల దగ్గర, సరుకు చెడే వేగం ఒకటి అనుకుంటే 5 డిగ్రీల దగ్గర అది సుమారు రెండుంపావు రెట్లు, 10 డిగ్రీల దగ్గర నాలుగు రెట్లు. అంటే లారీలో సరుకు 10 డిగ్రీల మీద ఆరు గంటలు ఉంటే ఐసులో నిండా ఒక రోజు గడిచినట్టే. మన ఎండలో గట్టు మీద పోయే గంటల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

ఐసు ఎంత కావాలన్నదీ లెక్కకు అందేదే. 30 డిగ్రీల వేడిలో ఉన్న టన్ను సరుకును సున్నాకు దించడానికే 300 కిలోలకు పైగా ఐసు కరిగిపోతుంది. ఆపైన ట్రేల వేడి, బండి వేడి, దారిలో ఎండ. అందుకే మన వాతావరణంలో కిలో సరుకుకు కిలో ఐసు అన్న లెక్క చెబుతారు. టన్నుకు నాలుగు వందల కిలోల ఐసు చల్లి పంపితే అది పైకి ఐసు వేసిన సరుకులాగే కనిపిస్తుంది, లోపల మాత్రం గడియారం పరుగు తీస్తూనే ఉంటుంది.

సరైన ఐసులో సరుకు ఎన్నాళ్లు ఆగుతుంది? వేడి నీళ్లలో పెరిగిన మన చేపకు ఐసు బాగా పనిచేస్తుంది. దాని ఒంటి మీది సూక్ష్మజీవులు వేడికి అలవాటు పడినవి, చలికి అవి త్వరగా పుంజుకోలేవు. శీలావతి, బొచ్చె లాంటివి బాగా ఐసు పెడితే రెండు వారాల దాకా తినడానికి పనికొస్తాయి. రొయ్య అంత ఆగదు. పది రోజులకు అటూఇటూగా తినదగ్గదిగా ఉన్నా, తలతో సహా ఎగుమతికి పనికొచ్చే గడువు అందులో చాలా కొద్ది. రొయ్య తలలోనే జీర్ణం చేసే రసాలుంటాయి, చావగానే అవి తలనే కరిగించడం మొదలుపెడతాయి. తల వేలాడటం, మెడ దగ్గర ఎర్రబడటం, చివరికి తల ఊడటం అందుకే. తినదగ్గ గడువు వేరు, మొదటి గ్రేడు గడువు వేరు. కోత పడేది రెండోదాని మీద.

ఇక కంటితో చూసి మార్కులు వేయడం. 1980ల్లో ఆస్ట్రేలియాలోని తాస్మానియాలో శాస్త్రజ్ఞులు ఒక పద్ధతి కట్టారు, తర్వాత యూరప్ దేశాలు దాన్ని పెంచాయి. పద్ధతి చాలా తేలిక. చర్మం, కన్ను, మొప్పలు, వాసన, కండ బిగువు, ఇలా ఒక్కో గుర్తుకూ సున్నా నుంచి మూడు దాకా తప్పు మార్కులు. నిగనిగలాడే సరుకుకు అన్నీ సున్నాలే. చెడేకొద్దీ మొత్తం పెరుగుతుంది. ఇందులో గొప్పతనం ఏమిటంటే, ఒక రకం చేపను ఐసులో పెట్టి రోజూ మార్కులు వేస్తూ పోతే మొత్తం దాదాపు గీత గీసినట్టు రోజులతో పాటు పెరుగుతుంది. అదే సమయంలో వండి రుచి చూస్తూ, ఏ రోజున తినలేమో గుర్తిస్తారు. ఇక ఆ తర్వాత ఎవరైనా ఒక చేప చేతికిస్తే, మార్కులు వేసి, ఇది ఐసులో ఎన్ని రోజులు ఉన్నట్టో, ఇంకా ఎన్ని రోజులు ఆగుతుందో చెప్పవచ్చు. ప్రయోగశాల అక్కర్లేదు. కళ్లు, ముక్కు, వేళ్లు, నేర్పు చాలు. యూరప్‌లో 1996 నుంచే చేపలకు తాజాదనాన్ని బట్టి ఎక్స్‌ట్రా, ఏ, బి అని గ్రేడు కట్టే నిబంధన ఉంది. ఏ గ్రేడుకు ఏ గుర్తులుండాలో పట్టికలో రాసి ఉంటుంది.

మన పెద్దవాళ్లకు ఇదంతా తెలియనిది కాదు. సంతలో చేప కొనే ముసలమ్మ ముందు మొప్ప ఎత్తి చూస్తుంది, తర్వాత వేలితో నొక్కుతుంది. మొప్ప ఎర్రగా ఉందా, గోధుమ రంగుకు తిరిగిందా? నొక్కిన గుంట వెంటనే పైకి లేచిందా? పొట్ట మెత్తబడిందా? కన్ను ఒక్కదాన్నే నమ్మకూడదని కూడా ఆమెకు తెలుసు, ఐసు రాపిడికి మంచి చేప కన్ను కూడా మసకబారుతుంది. ఆమెకు తెలిసినదాన్ని కాగితం మీద పెట్టి ఇద్దరూ సంతకం చేయడమే ఇప్పుడు కావలసింది.

పట్టిక లేకపోవడం వల్ల జరుగుతున్న ఇంకో అన్యాయం ఉంది. తాజాదనానికి సంబంధం లేని వాటిని కూడా అదే పేరుతో కోస్తున్నారు. మెత్తని పెంకు రొయ్యనే తీసుకోండి. అది పొర విడవడం వల్ల వచ్చేది, చెరువులో బతికున్నప్పుడే మెత్తగా ఉంటుంది. అందుకే మనం అమావాస్య, పౌర్ణమి చూసుకుని పట్టుబడి పెట్టుకుంటాం. అది గట్టు మీదే కనిపించే లోపం, గట్టు మీదే తేల్చుకోవాలి. మర్నాడు ప్లాంటులో కొత్తగా పుట్టేది కాదు. నల్లమచ్చ సంగతీ అంతే. అది రొయ్యలోని ఒక ఎంజైమ్‌కు గాలి తగిలి వచ్చే రంగు. చూడటానికి బాగుండదు కాబట్టి ధర తగ్గుతుంది, నిజమే. కానీ మచ్చ వచ్చినంత మాత్రాన సరుకు కుళ్లినట్టు కాదు. గట్టు మీద మచ్చ లేని సరుకుకు ప్లాంటులో మచ్చ వచ్చిందంటే, దారిలో ఐసు ఎలా ఉందని అడగాల్సింది రైతును కాదు, బండిని.

ఇంత చెప్పాక మన తప్పులు కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఈ మాటకు బలం ఉండదు. పట్టుబడికి ముందు మేత ఆపకుండా, కడుపు నిండా ఉన్న రొయ్యను పట్టేవాళ్లం ఉన్నాం. నిండు పేగు త్వరగా చెడుతుంది. కూలీలు తక్కువై ట్రేలు ఎండలో వదిలేసేవాళ్లం ఉన్నాం. రొయ్యను పట్టగానే ఐసు నీళ్లలో ముంచాలి, మనం కాటా అయ్యాక ముంచుతాం. చెరువు నీళ్లతోనే ఐసు కలిపేస్తాం. మచ్చ రాకుండా మెటాబైసల్ఫైట్‌ను కొలత లేకుండా చేత్తో చల్లుతాం. పచ్చి రొయ్య కండలో అది కిలోకు 100 మిల్లీగ్రాములు మించకూడదని అంతర్జాతీయ ప్రమాణం. మించితే తిరిగొచ్చేది మొత్తం కంటెయినరు.

2018 మరిచిపోదగ్గది కాదు. ఆ ఏడాది జూలైలో చేపల్లో ఫార్మాలిన్ ఉందంటూ అస్సాం ప్రభుత్వం మన రాష్ట్రం నుంచి వచ్చే చేపలను 10 రోజులు నిలిపేసింది. చెరువు రైతు ఫార్మాలిన్ కలపడు, కలిపే అవసరమూ అతనికి లేదు. కానీ ఆకివీడు, కైకలూరు వైపు నుంచి రోజుల తరబడి లారీలో పోయే చేపకు ఐసు చాలకపోతే, ఎక్కడో ఒకచోట ఎవడో ఒకడు ఆ లోటును మందుతో పూడ్చాలనుకుంటాడు. ఐసు దగ్గర మిగుల్చుకున్న పది రూపాయలు చివరికి మొత్తం ప్రాంతం పేరునే తినేస్తాయి. ఆ పది రోజులూ చెరువులో చేప పెట్టుకుని కూర్చున్నది రైతే. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఫార్మాలిన్‌ను, అమ్మోనియాను అక్కడికక్కడే పట్టే పేపరు కిట్లు తయారుచేసింది. అవి అధికారుల చేతిలోనే కాదు, ప్రతి ప్యాకింగ్ షెడ్డులోనూ ఉండాలి.

కంపెనీల వాదన కూడా విందాం. "విదేశాల్లో సరుకు వెనక్కి పంపితే నష్టం మాది. గట్టు మీద బాగున్నది ప్లాంటుకు వచ్చేసరికి బాగుండకపోతే మేమేం చేయాలి?" అంటారు. మాటలో న్యాయం ఉంది. చెడ్డ సరుకుకు మంచి ధర ఇమ్మని మనం అడగడం లేదు. గట్టు దాటేదాకా బాధ్యత మాది, గట్టు దాటాక మీది, మధ్యలో ఒక కాగితం ఉండాలంటున్నాం. ఇంకో మాట. మార్కెట్ బాగున్న రోజుల్లో ఇదే సరుకుకు ఇన్ని వంకలు రావు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి పెంచాక ఎగుమతులు ఎలా ఒత్తిడిలో పడ్డాయో అందరం చూశాం. అలాంటి రోజుల్లో తాజాదనం పేరుతో పడే కోతల్లో ఎంత నిజంగా తాజాదనానిదో, ఎంత పడిపోయిన ధరదో తేల్చే సాధనం రైతు దగ్గర లేదు. ధర తగ్గిస్తే తగ్గించామని చెప్పండి. మా సరుకు మీద నింద వేసి తగ్గించకండి.

అందుకే నా ప్రతిపాదనలు ఇవి.

ఒకటి, గట్టు మీద ఒక పేజీ పట్టుబడి పత్రం. వల లాగిన సమయం, ఐసు బండి వచ్చిన సమయం, వేసిన ఐసు బరువు, బండి కదిలేటప్పుడు ట్రే మధ్యలో రొయ్య వేడి. దాని కింద తల, రంగు, పెంకు, మచ్చ, వాసన అనే ఐదు గుర్తులకు సున్నా నుంచి మూడు మార్కులు. రైతు, ఏజెంటు ఇద్దరి సంతకం, ఇద్దరికీ చెరో కాపీ.

రెండు, ఆ పత్రంలో మార్కులు బాగుండి బండి కదిలాక, తాజాదనం పేరుతో రైతుకు కోత పెట్టకూడదు. ఐసు ఆలస్యమైతే ఆ నష్టం ఐసు తెచ్చే బాధ్యత ఎవరు తీసుకున్నారో వారిది. ఈ షరతును రాష్ట్ర ఆక్వా అభివృద్ధి ప్రాధికార సంస్థ కొనుగోలు నిబంధనల్లో చేర్చాలి.

మూడు, మన వెనామీకి, శీలావతికి, బొచ్చెకు మన ఐసుతో, మన ఎండల్లో పరీక్షించి కట్టిన మార్కుల పట్టిక తెలుగులో బొమ్మలతో రావాలి. విశాఖపట్నంలో మత్స్య సాంకేతిక సంస్థ కేంద్రం ఉంది. ఈ పని అడగాల్సింది అక్కడ. సముద్రపు చేపలకు కట్టిన పరీక్షలన్నీ మంచినీటి చేపకు సరిపోవు కాబట్టి అరువు పట్టికతో పని జరగదు.

నాలుగు, ఐసు ఫ్యాక్టరీల నీటిని క్రమం తప్పక పరీక్షించాలి. మురికి నీటి ఐసు సరుకును చల్లబరుస్తూనే చెడగొడుతుంది.

ఐదోది మనం మనకు పెట్టుకునేది. ప్రతి మండల కమిటీ ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లకు, ఆడవాళ్లకు మార్కులు వేయడం నేర్పించాలి. పొడుగు సూది ఉన్న థర్మామీటరు ఒకటి కమిటీ దగ్గర ఉండాలి. దాని ఖరీదు ఒక బస్తా మేత కంటే చాలా తక్కువ.

ప్రభుత్వం కదిలేదాకా ఆగనక్కర్లేదు. వచ్చే పట్టుబడి నుంచే ఒక నోటుపుస్తకం గట్టు మీద పెట్టండి. సమయాలు రాయండి, ఐసు రాయండి, సెల్‌ఫోనుతో నాలుగు ట్రేల ఫొటోలు తీయండి. ఏజెంటు సంతకం పెట్టనంటే పెట్టలేదని రాయండి. అలాంటి పుస్తకాలు వంద చేరితే సంఘం ఎవరి ముందైనా పరిచి మాట్లాడగలదు. నా 60 వేలు పోయింది డబ్బు లేక కాదు, కాగితం లేక. మీకు అలా పోకూడదు.