బ్రాకెట్లో మిగిలిన రామప్ప

2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన మన గుడి అధికారిక నామం 'కాకతీయ రుద్రేశ్వర (రామప్ప) ఆలయం'. పాలించిన వంశం పేరు మొదట ఉంది. కట్టించిన సేనాని రేచర్ల రుద్రుడి పేరును మోస్తున్న దేవుడు ఆ తర్వాత ఉన్నాడు. రాయి చెక్కాడని జనం తరతరాలుగా నమ్ముతున్న శిల్పి అందరికంటే చివర, అదీ బ్రాకెట్లో ఉన్నాడు. రామప్ప అనే శిల్పి ఉన్నాడనడానికి శాసనాధారం లేదని చరిత్రకారులు అంటారు. అది నిజమే కావచ్చు. అయితే ఒక గుడిని రాజు పేరుతోనో దేవుడి పేరుతోనో కాక పనివాడి పేరుతో పిలవాలని ఈ ప్రాంత ప్రజలు ఎంచుకున్నారు. శాసనం చేయని పనిని జనవాక్కు చేసింది. దానికి ప్రపంచ పత్రంలో దక్కిన చోటు రెండు గీతల మధ్య ఇరుకు.

గత చలికాలంలో భూపాలపల్లి నుంచి పదిమంది డిగ్రీ విద్యార్థులతో కలిసి ఒక వారసత్వ నడకకు వెళ్లాను. వారిలో ఎక్కువమంది బొగ్గుబాయి కార్మికుల పిల్లలు, చుట్టుపక్కల పల్లెల కూలీల పిల్లలు. ఉదయం ఘనపురం కోటగుళ్లు, మధ్యాహ్నం పాలంపేట. 2019లో ములుగు వేరు జిల్లాగా విడిపోయేదాకా పాలంపేట కూడా భూపాలపల్లి జిల్లాలోదే. వెంట వచ్చిన గైడు చదువుకున్న యువకుడు, విషయం తెలిసినవాడు. 1213 నాటి శాసనాన్ని చూపాడు. పునాదిలో ఇసుక నింపిన పద్ధతిని, నీళ్లలో తేలే ఇటుకలతో లేపిన శిఖరాన్ని, నల్లరాతి మదనికల నగిషీని ఓపికగా వివరించాడు. అంతా విన్నాక ఒక విద్యార్థి అడిగాడు: "అన్నా, గిన్ని రాళ్లు కొట్టింది ఎవరు, మోసింది ఎవరు?" గైడు కాసేపు ఆలోచించి నిజాయితీగా జవాబిచ్చాడు: "అది మాకిచ్చిన కాగితంల లేదు తమ్మీ." అడిగిన కుర్రవాడు ఒడ్డెర కులస్థుడు. వాళ్ల తాత జీవితమంతా రాళ్లు కొట్టాడని తిరుగు ప్రయాణంలో చెప్పాడు.

తప్పు ఆ గైడుది కాదు. అతని చేతికిచ్చిన కాగితం ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ప్రశ్న. ఇటుక తేలుతుందని చెబుతాం, ఆ మట్టి తొక్కి, అచ్చు పోసి, ఆవం కాల్చినవారి గురించి చెప్పం. పునాది గొప్పదని చెబుతాం, ఆ గొయ్యి తవ్వినవారి ఊసెత్తం. పని అంతా 'సాంకేతిక పరిజ్ఞానం' అన్న మాటలో కరిగిపోతుంది. పరిజ్ఞానం ఉన్నప్పుడు అది కలిగినవారూ ఉండాలి. వారికి ఇళ్లు, వాడలు, కులాలు ఉండాలి. ఆ పరిజ్ఞానాన్ని రాజు ఖాతాలో జమచేసి, అది నేర్చినవారి వారసులను 'వెనుకబడినవారు' అని పిలవడం మన చరిత్ర బోధనలోని పెద్ద వైరుధ్యం.

పాలంపేటలో ఇంకో దృశ్యం ఈ వైరుధ్యాన్ని మరింత స్పష్టం చేస్తుంది. ప్రధానాలయం పక్కనున్న కామేశ్వరాలయాన్ని తిరిగి కట్టడం కోసం రాయి రాయిగా విప్పారు. ఏ రాయి ఏ చోటిదో తప్పిపోకుండా రాళ్లకు అంకెలు వేశారు. ఏళ్ల తరబడి అవి ఆరుబయట పేర్చి ఉండిపోయాయి. పునర్నిర్మాణ శాస్త్రానికి ఆ శ్రద్ధ అవసరం, దాన్ని మెచ్చుకోవలసిందే. కానీ ప్రతి రాయికీ లెక్క ఉన్నచోట ఆ రాయిని ఎత్తినవారికీ చెక్కినవారికీ ఒక వరుస లేకపోవడం సాంకేతిక లోపం కాదు, చూపులోని లోపం.

ఈ చూపు కొత్తదీ కాదు. తెలుగులో నగర నడక అనదగిన తొలి గొప్ప రచన 'క్రీడాభిరామం'. దాని కర్త వినుకొండ వల్లభరాయుడా, శ్రీనాథుడా అన్న వివాదం ఎలా ఉన్నా, అందులో నడిచేవారు ఎవరన్నదానిపై వివాదం లేదు. మంచనశర్మ అనే బ్రాహ్మణుడు, టిట్టిభసెట్టి అనే వైశ్యుడు ఓరుగల్లు వీధుల్లో రోజంతా తిరుగుతారు. పూటకూళ్ల ఇంట్లో తింటారు, కోడిపందెం చూస్తారు, ఏకవీరను దర్శిస్తారు, పల్నాటి వీరుల కథ వింటారు, మాచల్దేవి చిత్రశాలకు వెళ్తారు. ఆనాటి జనజీవనానికి అంతటి సజీవ చిత్రం మరొకటి దొరకడం కష్టం. అయినా ఆ నగరంలో శ్రామిక కులాలు కనిపించేది ఆ ఇద్దరి కంటికి వింతగా, వినోదంగా, కోరికగా మాత్రమే. నడిచేవాడి కులాన్ని బట్టి నగరం కనిపించింది. అదే ఓరుగల్లులో ఒక చెప్పులు కుట్టేవాడో, చాకలామెనో నడిచి రాసి ఉంటే ఏ వీధి పొడవుగా, ఏ ద్వారం ఎత్తుగా కనిపించేదో మనకెన్నటికీ తెలియదు. నేటి వారసత్వ నడకలు ఆ రెండు కళ్లనే అరువు తెచ్చుకున్నాయి.

1323లో ఓరుగల్లు పతనమైంది. ఆ నగరాన్ని మనం ఇప్పుడు జ్ఞాపకంగా తిరిగి కడుతున్నాం. కోటలో విరిగిన శిల్పాలను తోటలా పేర్చాం. కీర్తితోరణాన్ని 2014లో రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కించాం. వరంగల్‌ను వారసత్వ నగరాల పథకంలోనూ స్మార్ట్ సిటీల జాబితాలోనూ చేర్చాం. కోట మట్టిగోడల లోపల తూర్పుకోట, పడమరకోట ఊళ్లుగా నేటికీ బతికే ఉన్నాయి. సందర్శకులు ఆ ఇళ్ల ముందు నుంచే నడిచి వెళ్తారు. తోరణం దగ్గర ఆగుతారు, ఇళ్ల దగ్గర ఆగరు. కట్టడం వారసత్వమై, దాని నీడలో బతికే మనిషి ఆక్రమణగా మారే చోట పునర్నిర్మాణం ఎవరి కోసమో తేలిపోతుంది.

తిరిగి కట్టిన నగరాన్ని ఎలా నడవాలో చెప్పే ఉదాహరణ పోలండ్‌లో ఉంది. 1944 తిరుగుబాటు తర్వాత నాజీలు వార్సాను పద్ధతి ప్రకారం నేలమట్టం చేశారు. 18వ శతాబ్దపు చిత్రకారుడు బెల్లొత్తో వేసిన బొమ్మలను కూడా ఆధారం చేసుకుని ప్రజలు పాత నగరాన్ని మళ్లీ నిలబెట్టారు. 1980లో యునెస్కో దాన్ని వారసత్వ స్థలంగా గుర్తించింది. అందంగా తిరిగి లేచిన ఆ నగరంలో యూదులను బంధించిన గెట్టో గోడ ఇప్పుడు దాదాపు లేదు. అయినా అది ఎక్కడ నిలిచిందో తెలిసేలా కాలిబాటల్లో ఇనుప పట్టీలు పరిచి, 1940, 1943 అంకెలు వేశారు. నడిచేవాడు ఆ గీత దాటకుండా ముందుకు పోలేడు. గోడను తిరిగి కట్టనక్కర్లేదు. అది ఉండేదని ఒప్పుకుంటే చాలు.

మన నడకల్లో అలాంటి గీత ఒక్కటీ లేదు. ఊరికి వెలుపల వాడ ఉండడం మనకెంత సహజమంటే, దాన్ని గుర్తించాలన్న ఆలోచన కూడా రాదు. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం నుంచి వసతి బహిష్కరణకు గురైన దళిత విద్యార్థులు ఆరుబయట వేసుకున్న గుడారానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. ఆధునిక ప్రాంగణపు పటంలో లేని గోడను ఆ ఒక్క మాట గీసి చూపింది. వారసత్వ పటాలకు కావలసింది అలాంటి గీతలే.

'వారసత్వంలోకి కులాన్ని ఎందుకు లాగుతారు?' అని కొందరు అడుగుతారు. లాగవలసిన పని లేదు, అది ఎప్పుడో వచ్చి కూర్చుంది. కాకతీయులు మావాళ్లంటే మావాళ్లని, రేచర్లవారు రెడ్లని ఒకరు, వెలమలని ఒకరు వాదించుకోవడం మనం వింటూనే ఉన్నాం. నిజానికి కాకతీయులను చతుర్థకులజులుగా చెప్పే శాసనాలున్నాయి, క్షత్రియులుగా చెప్పినవి కొద్ది. సింథియా టాల్బట్ తన 2001 నాటి గ్రంథంలో చూపినట్లు, ఆనాటి శాసనాల్లో నేటి జాతుల పేర్లు అరుదు. రెడ్డి, నాయక, సెట్టి వంటివి హోదాను, వృత్తిని చెప్పే బిరుదులుగా ఎక్కువ కనిపిస్తాయి. అంటే నేటి కులసంఘాల వాదన చరిత్ర కంటే నేటి అధికార రాజకీయానికే ఎక్కువ దగ్గర. 2024లో రాష్ట్ర చిహ్నం నుంచి తోరణాన్ని తొలగించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు చర్చంతా రాజు చుట్టూ తిరిగింది. రాచరిక చిహ్నమని ఒక పక్షం, ఆత్మగౌరవ చిహ్నమని మరో పక్షం. ఆ తోరణం చెక్కినవారి చిహ్నం కూడా కావచ్చునన్న మాట ఆ గొడవలో బలంగా వినిపించలేదు.

'ఆధారాలు లేవు కదా, ఏం చెప్పమంటారు?' అన్నది రెండో అభ్యంతరం. ఇది సగమే నిజం. 1261 నాటి మల్కాపురం శాసనాన్ని చూడండి. విశ్వేశ్వర శంభువు నెలకొల్పిన ఆ అగ్రహారంలో విప్రుల నుంచి చండాలుల దాకా అన్నం పెట్టాలని అందులో ఉంది. అందులోనే కంసాలి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, శిల్పి, మంగలి వంటి పనివారికి భూమిలో వాటాలు కూడా నిర్ణయించారు. అంటే ఊరు నిలవడానికి ఎవరు కావాలో ఆనాటి రాతకోతలకు తెలుసు. అందరికీ అన్నమన్న మాటలోనే పైనెవరు, కిందెవరు అన్న నిచ్చెన కూడా ఉంది. గైడు ఈ రెండింటినీ కలిపి చెప్పగలిగితే విద్యార్థికి ఒక యుగం అర్థమవుతుంది. ఒకదాన్నే చెబితే భజనో, దూషణో మిగులుతుంది.

ఇక చెరువుల మాట. కోటగుళ్ల పక్కన గణపసముద్రం, పాలంపేటలో రామప్ప చెరువు. ఈ ప్రాంతానికి కాకతీయుల అసలు కట్టడం గుడి కంటే చెరువేనని నా అభిప్రాయం. చెరువు కట్టి నిలబెట్టినవారికి దశబంధ మాన్యం ఇచ్చినట్లు శాసనాలు చెబుతాయి. ఆ కట్ట మీద తట్టలు మోసినవారికి ఏమిచ్చారో చెప్పవు. తరువాతి కాలాల్లో తూము తెరిచి పొలాలకు వంతులవారీగా నీళ్లు పంచినవాడు నీరటి. తెలంగాణ పల్లెల్లో అతడు ఎక్కువగా దళితుడే. ఏ మడికి ఎంత నీరు కావాలో లెక్క తెలిసిన ఆ మనిషికి చాలాచోట్ల సొంత మడి లేదు. 2015లో 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణకు పూనుకున్నప్పుడు ఆ పథకానికి మనం పెట్టిన పేరు 'మిషన్ కాకతీయ'. పూడిక తీశాం, కట్టలు బలపరిచాం. పేరు మాత్రం మళ్లీ రాజుకే దక్కింది.

ఇదే గడ్డ మీద కాకతీయుల కథకు ఎదురు నిలిచే మరో కథ కూడా ఉంది. ప్రతాపరుద్రుడి సేనతో కప్పం కోసం జరిగిన పోరులో నేలకొరిగిన సమ్మక్క, సారలమ్మలను కోయలు మేడారం గద్దెల మీద నిలుపుకున్నారు. రెండేళ్లకోసారి లక్షలాది జనం అక్కడికి వస్తారు. ఉదయం రామప్పలో కాకతీయ వైభవం విని, సాయంత్రం మేడారంలో బంగారం సమర్పించే యాత్రికుడికి ఈ రెండూ ఒకే చరిత్రలోని రెండు పక్షాలని ఎవరూ చెప్పరు. ఒకటి 'పర్యాటకం'గా, మరొకటి 'జాతర'గా వేర్వేరు గదుల్లో పడి ఉన్నాయి.

చేయవలసినది అసాధ్యమేమీ కాదు. రామప్పలో నడక గర్భగుడి నుంచి కాక చెరువు కట్ట నుంచి మొదలు కావాలి. మొదట తూము, నీరటి, తట్ట మోసిన చేతులు. తర్వాత ఇటుక, ఆవం, కుమ్మరి చక్రం, కమ్మరి కొలిమి. ఆపైన గుడి, సేనాని, రాజు. ఈ వరుసలో వింటే శిల్పం అందం తగ్గదు, అది ఎంత పనిలోంచి పుట్టిందో తెలిసి పెరుగుతుంది. గైడులుగా ఈ పల్లెల ఒడ్డెర, కుమ్మరి, విశ్వకర్మ, మాదిగ, మాల, కోయ యువతకు శిక్షణ ఇవ్వాలి. వారు చెప్పే ఇంటి కథలను శాసనంతో పోల్చి రాసే పని విశ్వవిద్యాలయ చరిత్ర శాఖలు తీసుకోవాలి. పరిశోధనాంశం కోసం వెతుకుతున్న విద్యార్థికి ఇంతకంటే దగ్గరి పొలం దొరకదు.

అన్నింటికంటే తేలికైన పని ఒకటుంది. పాత పనివారి పేర్లు పోయాయి, సరే. నేడు పాలంపేటలోనైనా, ఓరుగల్లు కోటలోనైనా కూలిన కట్టడాలను మళ్లీ నిలబెడుతున్న మేస్త్రీలు, రాతి పనివారు, కూలీలు మన కళ్లముందే ఉన్నారు. హాజరు పట్టీలో వారి పేర్లున్నాయి. పని పూర్తయిన ప్రతిచోటా ప్రారంభించిన నాయకుల పేర్లతో ఒక ఫలకం ఎలాగూ వెలుస్తుంది. దాని పక్కన ఆ హాజరు పట్టీలోని పేర్లన్నీ, ఊరితో సహా, రాతి మీద చెక్కించాలి. చెక్కే పని వారికే తెలుసు కనుక ఖర్చు కూడా పెద్దగా ఉండదు. అప్పుడు ఆ ఒడ్డెర కుర్రవాడి ప్రశ్నకు కనీసం ఈ తరం వరకైనా గైడు దగ్గర జవాబు ఉంటుంది.