పంచడంతో పని తీరదు

పేద వృద్ధులకు వినికిడి యంత్రాలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. మంచి పథకం. అయితే పంపిణీ శిబిరం ముగిశాక ఎన్ని మిషన్లు పంచారో చెబితే చాలదు. ఆర్నెల్ల తర్వాత వాటిని ఎందరు చెవికి పెట్టుకుంటున్నారో ప్రభుత్వం చెప్పి తీరాలి.

అరవై దాటినవారిలో నలుగురిలో ఒకరికి పైగా వినికిడి లోపం ఇబ్బంది పెడుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వయసుతో వచ్చే చెవుడులో ముందుగా పోయేవి సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులు. స, శ, త, క వంటి హల్లులు జారిపోతాయి. అందుకే ‘మాట వినబడుతోంది గానీ ఏమన్నారో తెలియడం లేదు’ అంటారు పెద్దలు. వట్టి శబ్దాన్ని పెంచే మిషను ఇస్తే మనవరాలి మాటతోపాటు గిన్నెల చప్పుడూ ఫ్యాను రొదా పెరుగుతాయి. పైగా ఇలాంటి చెవికి పెద్ద శబ్దం భరించరానిదవుతుంది. కళ్లజోడు పెట్టగానే అక్షరం కనబడినట్టు మాట వెంటనే తేటపడదు, మెదడు కొత్త ధ్వనికి అలవాటు పడడానికి వారాలు పడుతుంది. కాబట్టి ఆడియోగ్రాం (వినికిడి పరీక్ష పటం) చూసి ప్రతి చెవికీ విడిగా సర్దాలి. నెలలోపు మళ్లీ పిలిచి సరిచేయాలి. చెవిలో అమర్చే అచ్చు వదులైతే మిషను కీచుమంటుంది, బిగుతైతే పుండు పడుతుంది. గుండీ అంత సెల్లు వారం పది రోజులకు అయిపోతుంది. వణికే వేళ్లతో దాన్ని మార్చడం ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పాలి, కొత్తది ఊళ్లో దొరకాలి. ఇవేవీ జరగకపోతే మిషను బీరువాలోకి పోతుంది. ‘ఎంత చెప్పినా పెట్టుకోడు’ అన్న నింద మాత్రం ముసలాయన మీద పడుతుంది. ఇది అన్యాయం.

మిషను వాడేవారి సంతృప్తిని కొలవడానికి అంతర్జాతీయంగా వాడే ఏడు ప్రశ్నల పట్టిక ఉంది. రోజుకు ఎన్ని గంటలు పెట్టుకుంటున్నారన్నది అందులో మొదటిది. ఈ ఏడు ప్రశ్నలూ అడగడం ఆశా కార్యకర్తకు పది నిమిషాల పని. ఆ పనికి ఆమెకు విడిగా పారితోషికం ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో నెలనెలా పింఛను ఇంటికి తెచ్చే సచివాలయ సిబ్బంది చేత సెల్లులూ పంపవచ్చు. తెలంగాణలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉంచవచ్చు. ఇక మిషన్లు సర్దే పనికి వస్తే, పిల్లల కోసం జిల్లాల్లో పెట్టిన సత్వర చికిత్స కేంద్రాల్లో ఆడియాలజిస్టు పోస్టుకు వీలుంది. ఖాళీలుంటే నింపి, వారానికి ఒక రోజు పెద్దలకు కేటాయించాలి.

సెల్లులకు, మళ్లీ సర్దుబాటుకు డబ్బు కేటాయించని శిబిరానికి ఇకపై అనుమతి ఇవ్వకూడదు. ఇప్పటికే పంచిన మిషన్లపై రెండు రాష్ట్రాలూ ఇంటింటి సర్వే చేసి, జిల్లాలవారీగా ఫలితాలు బయటపెట్టాలి. మూలనపడిన ప్రతి మిషనునూ మళ్లీ సర్ది ఇవ్వాలి, పనికిరాదని తేలితే మార్చి ఇవ్వాలి.