సర్కారు టెండర్లు - 45 రోజుల గడువు

సంక్రాంతి దాటిందంటే తాండూరు యార్డులో కొత్త కంది రాక జోరందుకుంటుంది. పప్పు మిల్లుల వారు రైతుకో, అడ్తీదారుకో సొమ్ము చెల్లించి సరుకు ఎత్తుతారు. అదే కంది పప్పుగా మారి హాస్టళ్ళకు, ఆసుపత్రులకు, ప్రభుత్వ సంస్థల క్యాంటీన్లకు చేరిన తర్వాత బిల్లు సొమ్ము ఎన్నడు చేతికందేదీ ఎవరూ ఖాయంగా చెప్పలేరు. సర్కారు టెండరనగానే చిన్న మిల్లరు ముందుగా లెక్క వేసేది కంది ధర కాదు, బకాయి నిలిచే నెలలు.

ఈ జాప్యం ఖర్చు ఎవరి నెత్తిన పడుతున్నదో చూడవలసి ఉన్నది. కిలో 150 రూపాయల వంతున 10 టన్నుల పప్పు విలువ 15 లక్షలు. బ్యాంకు వడ్డీ 12 శాతం అనుకుంటే, ఆరు నెలల నిలుపుదలకు 90 వేల రూపాయలు. అంటే కిలోకు 9 రూపాయలు. అనుభవం గల మిల్లరు ఈ తొమ్మిదిని ముందే కొటేషనులో కలుపుతాడు. కలపనివాడు ఒక ఏడు సరఫరా చేసి, మరుసటి ఏడు టెండరు జోలికి రాడు. ఎటు చూసినా నష్టం కొనే సంస్థదే. అయినా టెండరు కమిటీలు ధర ఎక్కువైందని మిల్లరును తప్పుపడతాయే గాని తమ చెల్లింపుల రిజిస్టరు తిరగవేయవు.

దేశంలోని ప్రభుత్వ కొనుగోళ్ళన్నిటికీ వర్తించే కేంద్ర చట్టమంటూ లేదు. 2012లో లోక్‌సభ ముందుకు వచ్చిన బిల్లు, 2014లో ఆ సభతో పాటే మురిగిపోయింది. కేంద్ర శాఖలు 2017 నాటి ఆర్థిక నియమావళిని, రాష్ట్రాలు తమ తమ నిబంధనలను అనుసరిస్తున్నాయి. కాని సొమ్ము చెల్లించే గడువు విషయంలో 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం కేంద్రమనీ రాష్ట్రమనీ చూడదు. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు కొన్నవారు 45 రోజులకు మించి గడువు రాసుకోరాదు. ఒప్పందమే లేకుంటే గడువు 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలసరి చక్రవడ్డీ. 2024లో బ్యాంకు రేటు 6.75 శాతం గనుక ఈ వడ్డీ 20.25 శాతానికి చేరింది. పై ఉదాహరణలోనే 45 రోజులు పోగా మిగిలిన నాలుగున్నర నెలలకు సుమారు 1 లక్షా 17 వేల రూపాయలవుతుంది.

చాలాకాలం ఇది కాగితం మీది హక్కుగానే నడిచింది. వడ్డీ అడిగితే మరుసటి టెండరులో మొహం చూడరన్న భయం మిల్లర్లకు ఉండనే ఉన్నది. 2023 ఆర్థిక చట్టం దీనికి కొంత పదును పెట్టింది. గడువులోగా చెల్లించని సొమ్మును ఆ ఏటి ఖర్చుగా ఆదాయపు పన్ను లెక్కలో చూపరాదు, చెల్లించిన ఏటనే చూపుకోవాలి. 2023-24 లెక్కల నుంచి ఈ షరతు అమలులోకి రావడంతో ప్రయివేటు కొనుగోలుదార్లకు మార్చి 31 కొత్త అర్థం సంతరించుకున్నది. అయితే ఆదాయపు పన్నే కట్టని ప్రభుత్వ శాఖకు, సంక్షేమ హాస్టలుకు ఈ పదును తగలదు. వారికి మిగిలిన భయం చక్రవడ్డీ ఒక్కటే.

ఆ భయాన్ని తేలికగా తీసుకోవడానికి వీలులేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి చిన్న సంస్థ టర్నోవరు పరిమితి 50 కోట్ల నుంచి 100 కోట్లకు పెరిగింది. యంత్రాలు, పరికరాలపై పెట్టుబడి పరిమితి 25 కోట్లయింది. నిన్నటిదాకా 'పెద్ద మిల్లు' అనుకున్న కొన్ని మిల్లులు కూడా నేడు ఈ గడువు పరిధిలోకి వస్తాయి. వివాదం ఫెసిలిటేషన్ కౌన్సిలుకు వెళ్ళి సంస్థకు ప్రతికూలంగా తీర్పు వస్తే, దానిపై కోర్టుకు పోవడానికి ముందు 75 శాతం సొమ్ము జమ కట్టాలి. ఆ సొమ్ము ఏ పద్దు నుంచి తెస్తారో అధికారులు ఇప్పుడే ఆలోచించుకోవడం మేలు.

అన్నిటికంటె ముందు గోడౌను సంగతి చూడాలి. గడువు లెక్క మొదలయ్యేది బిల్లు మీద సంతకం పడిన నాడు కాదు, సరుకు అందిన నాడు. నాణ్యతపై అభ్యంతరం ఉంటే 15 రోజులలో రాతపూర్వకంగా తెలపాలి. తెలపకుంటే సరుకు వచ్చిన నాడే అంగీకరించినట్లు చట్టం భావిస్తుంది. పప్పు నమూనాను పరీక్షకు పంపి నివేదిక కోసం నెలకు పైగా కూర్చునే అలవాటు ఇక్కడ పనికిరాదు. తేమ ఎక్కువనో, పుచ్చు గింజ ఉన్నదనో గోడౌను గుమాస్తా నోటిమాటగా చెబితే అది అభ్యంతరం కింద చెల్లదు. గడువును అడ్డు పెట్టుకుని నాసిరకం సరుకు తోసే మిల్లర్లూ లేకపోలేదు. వారిని పట్టుకోవాలన్నా తేదీ వేసిన కాగితమే ఆధారం.

అమ్మేవాడెవరన్నది కూడా ముఖ్యమే. మరపట్టే మిల్లుకు వర్తించే ఈ గడువు, సరుకు కొని అమ్మే టోకు వర్తకుడికి వర్తించదు. 2021 జులైలో వర్తకులకు నమోదు అవకాశం ఇచ్చినా దానిని ప్రాధాన్య రంగ రుణాలకే పరిమితం చేశారు. కొన్ని సంస్థలు గడువు బెడద లేదన్న ఉద్దేశంతో మిల్లులను వదలి వర్తకుల వైపు మొగ్గవచ్చునన్న అనుమానం మిల్లర్లలో కలిగితే ఆశ్చర్యం లేదు. అలా చేస్తే నడుమ ఒక చేయి పెరిగి పప్పు ధరపై మరో రూపాయి పడటం తప్ప ఒరిగేదేమీ ఉండదు. మిల్లుల వారు కూడా టెండరు వేయకముందే ఉద్యం నమోదు పూర్తి చేసుకోవడం క్షేమం. ఒప్పందం కుదిరిన తర్వాత నమోదైన వారికి ఈ రక్షణ లేదని సుప్రీంకోర్టు 2022లో గుజరాత్ పౌర సరఫరాల సంస్థ కేసులో పేర్కొన్నది. ఆ విషయమే 2025లో విస్తృత ధర్మాసనానికి నివేదితమైంది.

నిజానికి కొనుగోలు అధికారి ఒక్కడినే నిందించి లాభం లేదు. బిల్లు పాస్ చేసేది అతడు, సొమ్ము విడుదల చేసేది ఖజానా. అందుచేత ఏడాది ఇండెంటుకు కావలసిన సొమ్ములో కనీసం మొదటి మూడు నెలల వాటా చేతిలో లేకుండా టెండరు పిలవకుండడమే సరైన పద్ధతి. జూన్‌లో బడులు తెరిచే నాటికి సరుకు కావాలంటే ఈ ఏర్పాటు మార్చిలోనే జరగాలి. 'నిధులు విడుదలైన పిదప చెల్లింపు' అనే వాక్యం టెండరు పత్రాల్లో పాత అచ్చు నుంచి అలాగే దిగుమతి అవుతుంటుంది. 45 రోజుల చట్టం ముందు ఆ వాక్యం నిలవదు. వచ్చే టెండరు పత్రం అచ్చుకు పోకముందే దానిని కొట్టివేసి, ఆ చోట తేదీ వేయవలసి ఉన్నది.