ప్రేరణ గ్యాలరీల్లో లేదు

వెబ్ డిజైన్ నేర్చుకుందామని అమీర్‌పేటకు వచ్చిన పిల్లలకైనా, ఇంట్లో కూర్చుని యూట్యూబ్ చూస్తూ నేర్చుకునే పిల్లలకైనా మొదట అందే సలహా ఒకటే. రోజూ పొద్దున్నే ఓ అరగంట డ్రిబుల్, బిహాన్స్, ఆవ్‌వార్డ్స్ లాంటి డిజైన్ గ్యాలరీలు చూడండి, నచ్చిన స్క్రీన్లు దాచుకోండి, ప్రేరణ అదే వస్తుంది అంటారు. రెండో సలహా కాస్త ఆలస్యంగా, నాలుగు డబ్బులు కళ్లజూశాక వస్తుంది. పనిని ఎవరికీ ఊరికే ఇవ్వకు, ఇస్తే విలువ పోతుంది, బాగా నిలదొక్కుకున్నాక కావాలంటే సేవ చేద్దువుగాని అంటారు. ఈ రెండు సలహాలకూ మూలం ఒకే నమ్మకం: సృజన ఒక చోట, టెక్నాలజీ ఇంకో చోట ఉంటాయని, ఇవ్వడమన్నది జీవితం చివర్లో వచ్చే విషయమని. ఈ నమ్మకం తప్పని నా వాదన. వెబ్ విషయంలో ఈ మూడింటినీ విడదీస్తే మిగిలేది అలంకరణ మాత్రమే.

ముందు గ్యాలరీల సంగతి చూద్దాం. 2009లో డ్రిబుల్ మొదలైనప్పుడు అక్కడ పెట్టే బొమ్మ కొలత 400 పిక్సెళ్ల వెడల్పు, 300 పిక్సెళ్ల ఎత్తు. అంత చట్రంలో ఒక రంగు పడుతుంది, ఒక నీడ పడుతుంది, గుండ్రటి అంచుల బటన్ ఒకటి పడుతుంది. సిగ్నల్ సరిగ్గా లేని ఊళ్లో ఆ పేజీ తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతుందో అందులో కనబడదు. ఇంటిపేరు, తండ్రి పేరు కలిపి రాసుకున్న మనిషి పేరు ఆ పెట్టెలో ఇముడుతుందో లేదో తెలియదు. ఓటీపీ తప్పు కొడితే పేజీ ఏం చెబుతుందో, మౌస్ పట్టుకోలేని మనిషి అందులో ఎలా తిరుగుతాడో అసలే తెలియదు. తర్వాత బొమ్మలు పెద్దవయ్యాయి గాని చూపు మారలేదు. ఆవ్‌వార్డ్స్ వాళ్లు మార్కులు వేసే పద్ధతిలో డిజైన్‌కు 40 శాతం, వాడకానికి 30, సృజనకు 20, విషయానికి 10. పేజీకి వచ్చే మనిషి వచ్చేదే విషయం కోసం. దానికి పదో వంతు విలువ కట్టే చోట రోజూ అరగంట గడిపితే కళ్లు ఏ రకంగా తయారవుతాయో ఊహించడం కష్టం కాదు.

ఫలితం లెక్కల్లో ఉంది. వెబ్‌ఎయిమ్ అనే సంస్థ ఏటా పది లక్షల హోమ్ పేజీలను పరీక్షిస్తుంది. 2024లో 95.9 శాతం పేజీల్లో, వికలాంగులకు అందుబాటుగా ఉండాలని పెట్టుకున్న ప్రమాణాలకు విరుద్ధమైన లోపాలు దొరికాయి. అన్నిటికంటే ఎక్కువగా, 81 శాతం పేజీల్లో కనిపించిన లోపం అక్షరాల రంగు వెనకున్న రంగులో కలిసిపోవడం. మామూలు అక్షరాలకు ఈ తేడా కనీసం 4.5కి 1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం 2008 నుంచీ చెబుతోంది. తెల్లటి పేజీ మీద లేత బూడిద రంగు అక్షరాలు పెట్టడం ఎవరి అవసరం? చదివేవాళ్లలో ఎవరూ అడగలేదు. ఒకరి స్క్రీన్ చూసి ఇంకొకరు వేసుకుంటూ పోయిన ఫ్యాషన్ అది. ఎండలో నిలబడి ఫోన్ చూసే మనిషికీ, చత్వారం వచ్చిన మనిషికీ ఆ పేజీ ఖాళీ కాగితమే.

తెలుగులో పని చేసేవాళ్లకు ఈ నకలు ఇంకా ఎక్కువ నష్టం చేస్తోంది. క్లయింటు ఒక ఇంగ్లిష్ సైటు లింకు పంపి ఇలాంటిదే కావాలంటాడు. డిజైనర్ దాని కొలతలన్నీ దించుకుంటాడు, చివర్లో తెలుగు అక్షరాలు పోస్తాడు. ఇంగ్లిష్‌కు సరిపోయిన వరుసల ఎడం తెలుగుకు చాలదు. మనకు పైన గుడి ఉంటుంది, కింద వత్తు ఉంటుంది, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు ఉంటుంది. 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాటలు రాగానే కింది వరుస గుడులు పై వరుస వత్తులను తాకుతాయి, లేదా బటన్ అంచు దగ్గర వత్తు సగానికి తెగిపోతుంది. ఇంగ్లిష్‌లో శీర్షికను పెద్దక్షరాల్లో పెట్టి, అక్షరాల మధ్య ఎడం పెంచి హుందాతనం తెస్తారు. మనకు పెద్దక్షరాలు లేవు, ఎడం పెంచితే మాట ముక్కలవుతుంది. తెలుగు శీర్షికకు హుందాతనం ఎలా తేవాలో ఆ గ్యాలరీలో ఎవరూ చెప్పరు. చిత్రకారుడు బాపు రాత చూస్తే తెలుస్తుంది. పాత సినిమా వాల్‌పోస్టర్లు, చేత్తో రాసిన బస్సు బోర్డులు చూస్తే తెలుస్తుంది. దూరం నుంచి పరిగెత్తుకొచ్చే మనిషికి ఊరి పేరు ఒక్క చూపులో అందేలా రాసిన ఆ పెయింటర్లు నేర్పే పాఠం ఏ అవార్డు సైటూ నేర్పలేదు. తెలుగుదనం కోసమని పేజీ చుట్టూ కలంకారీ అంచు అతికించడాన్ని మాత్రం నేను ప్రేరణ అనను. లోపల వత్తు తెగి ఉంటే బయట ఎంత అందమైన అంచు ఉండి ఏం లాభం?

ఇంకో అలవాటు ఉంది, దాన్ని తేలిగ్గా వదలకూడదు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టిన తెలుగును వెబ్‌లో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి కాబట్టి, దాన్ని బొమ్మగా మార్చి పేజీలో పెట్టేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఆ బొమ్మలోని మాట గూగుల్‌లో వెతికితే దొరకదు, కాపీ చేసుకోవడానికి కుదరదు, పెద్దది చేస్తే మసకబారుతుంది, చూపులేని మనిషికి స్క్రీన్ రీడర్ దాన్ని చదివి వినిపించదు. అన్ని భాషల అక్షరాలకూ ఒకే సంకేత పద్ధతి అయిన యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వచ్చినప్పుడే అందులో తెలుగు ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా మన భాషను మనమే బొమ్మ చేసి గోడకు తగిలిస్తున్నామంటే లోపం టెక్నాలజీది కాదు.

ఆ టెక్నాలజీ మన చేతికి ఎలా వచ్చిందో చూస్తే రెండో సలహాలోని తప్పు బయటపడుతుంది. పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు పెట్టుకుని, ఒకరి అక్షరాలు ఇంకొకరి కంప్యూటర్‌లో కనబడని రోజుల్లో, అలాంటి ఎన్నో ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ'ను తయారుచేసి ఉచితంగా ఇచ్చింది వెన్న నాగార్జున. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసిందీ ఆయనే. ఇంగ్లిష్ కీబోర్డు మీద తెలుగు రాయడానికి 'లేఖిని' ఇచ్చింది వీవెన్. పోతన, వేమన యూనికోడ్ ఫాంట్లను తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసి అందరికీ వదిలారు. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన మండలి, గిడుగు, ధూర్జటి వంటి ఫాంట్లను సిలికానాంధ్ర స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసింది. ఈ రోజు తెలుగు సైటు చేసే ఏ డిజైనరైనా, ఎంత ఫీజు తీసుకునేవాడైనా, ఇలాంటివాళ్లు ఎవరో ఒకరు ఊరికే ఇచ్చినదాని మీదే తన పని మొదలుపెడతాడు. ఊరికే ఇస్తే విలువ పోతుందనే మాట నిజమైతే వీటి విలువ ఎప్పుడో పోయి ఉండాలి.

మార్కెట్‌కు మన అక్షరాల మీద అంత శ్రద్ధ ఉంటుందని ఎవరైనా అనుకుంటే 2018 ఫిబ్రవరిని గుర్తుచేస్తాను. 'జ్ఞా' అక్షరం ఒక రూపంలో మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ మెసేజ్ వచ్చిన యాప్ కుప్పకూలేది. ప్రపంచంలోకెల్లా సంపన్నమైన కంపెనీల్లో ఒకటి, జ్ఞానం అన్న మాటలోని మొదటి అక్షరాన్ని సరిగ్గా పరీక్షించకుండానే ఫోన్లు అమ్మింది. తప్పు తెలిశాక దిద్దింది, నిజమే. కానీ ఒక అక్షరాన్ని రాత్రిళ్లు కూర్చుని పదిసార్లు గీసి చూసే ఓపిక ఆ భాషను ప్రేమించేవాళ్లకే ఉంటుంది.

అసలు వెబ్ అనేది నిలబడిందే ఒక ఇవ్వడం వల్ల. 1990ల మొదట్లో గోఫర్ అని ఇంకో పద్ధతి ఉండేది, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పుట్టింది, అప్పట్లో వెబ్ కంటే ఎక్కువగా వాడేవాళ్లు. 1993లో ఆ విశ్వవిద్యాలయం గోఫర్ సర్వర్ వాడకానికి కొందరి దగ్గర రుసుము తీసుకుంటామని ప్రకటించింది. అదే ఏడాది ఏప్రిల్ 30న జెనీవా దగ్గరి పరిశోధన సంస్థ సెర్న్, టిమ్ బెర్నర్స్-లీ తయారుచేసిన వెబ్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరి అనుమతీ అక్కర్లేకుండా, పైసా కట్టకుండా ఎవరైనా వాడుకోవచ్చని రాసి ఇచ్చింది. గోఫర్ ఏమైందో ఈ తరం డిజైనర్లకు పేరు కూడా తెలియకపోవడమే చెబుతుంది. గోఫర్ వెనకబడడానికి వేరే కారణాలూ ఉన్నాయి, బొమ్మలు చూపించే మొజాయిక్ బ్రౌజర్ రావడం అందులో ఒకటి. కానీ వెబ్ ఎవరి సొత్తూ కాదన్న భరోసా లేకపోతే వేలమంది తమ పనిని తెచ్చి అందులో పోసేవాళ్లు కాదు. ఆ తర్వాత నేర్చుకున్నవాళ్లలో చాలామంది ఎదుటివాళ్ల పేజీ మీద రైట్ క్లిక్ కొట్టి, సోర్స్ చూసి నేర్చుకున్నవాళ్లే. నేనూ అలాగే నేర్చుకున్నాను. 2003లో డేవ్ షే మొదలుపెట్టిన సీఎస్ఎస్ జెన్ గార్డెన్ అనే సైటులో ఒకే హెచ్‌టీఎంఎల్ పేజీని తీసుకుని, ఒక్క అక్షరం మార్చకుండా, ఎందరో డిజైనర్లు ఎన్నో రూపాలిచ్చారు. సృజన, టెక్నాలజీ, ఇవ్వడం మూడూ ఒకే చోట ఎలా ఉంటాయో నాకు మొదట చూపించింది ఆ పేజీయే. గ్యాలరీ ఫలితాన్ని చూపిస్తుంది, సోర్స్ దారిని చూపిస్తుంది.

నాకు రోజూ ప్రేరణ ఇచ్చే చోటు ఇంకోటి ఉంది: కౌన్సెలింగ్ సీజన్లో నెట్ సెంటర్. ఇంటర్ పాసైన పిల్లవాడు, పక్కన నాన్న, చేతిలో సర్టిఫికెట్ల కవరు. ఫారం నింపేది ఆ పిల్లవాడు కాదు, నెట్ సెంటర్ మనిషి. ఏ పెట్టెలో చుక్క పెడితే పేజీ ఒప్పుకోదో, ఫొటో ఎన్ని కేబీలు దాటితే మొత్తం మళ్లీ మొదటికొస్తుందో, ఏ బటన్ రెండుసార్లు నొక్కకూడదో ఆయనకు కంఠతా వచ్చు. ఆ జ్ఞానానికి ఆయన రుసుము తీసుకుంటాడు, తప్పులేదు, ఆయన కష్టం అది. కానీ ఆ తండ్రి కట్టిన డబ్బు మన చేతకానితనం మీద పడిన పన్ను. పేజీ అర్థమయ్యేలా ఉంటే ఆ డబ్బు ఆయన జేబులో ఉండేది. డిజైనర్ పేదవాడికి ఇవ్వగలిగిన మొదటి సాయం ఇదే. దీనికి నిలదొక్కుకునేదాకా ఆగనక్కర్లేదు, తీసుకున్న జీతంలోనే ఇది చేయొచ్చు.

ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ కథ కూడా ఇలాంటి చోటే మొదలైంది. చూపులేనివాళ్లకు కంప్యూటర్ తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ధర వాళ్లకు అందనంత ఉండేది. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ 2006లో తనే ఒకటి రాయడం మొదలుపెట్టాడు, జేమ్స్ టే తోడయ్యాడు. ఇద్దరికీ చూపు లేదు. వాళ్లు ఉచితంగా ఇచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ తెలుగు కూడా చదువుతుంది. ఏ డిజైనరైనా తను చేసిన పేజీని కళ్లు మూసుకుని ఎన్‌వీడీఏతో ఒక్కసారి వింటే, "బటన్, బటన్, లింక్, గ్రాఫిక్" అన్న మాటలు తప్ప ఏమీ వినిపించని క్షణంలో, ఏ గ్యాలరీ ఇవ్వని ఆలోచనలు వస్తాయి.

ఇదంతా దయాగుణం ఉన్నవాళ్ల వ్యవహారం అనుకునేవాళ్లు 2025 ఏప్రిల్ 30న మన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదవాలి. బ్యాంకు ఈ-కేవైసీ కోసం కెమెరా ముందు కన్ను ఆర్పమంటుంది. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్న మనిషి ఎలా ఆర్పుతుంది? ఆ బాధితులు, చూపులేనివాళ్లు వేసిన కేసుల్లో కోర్టు, డిజిటల్ సేవలు అందరికీ అందుబాటులో ఉండడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. కన్ను ఆర్పమని రాసిన డిజైనర్ చెడ్డవాడు కాకపోవచ్చు. అతని ఊహలోకి అలాంటి మనిషి ఎన్నడూ రాలేదు, అంతే. ఊహలోకి కొత్త మనుషులను రానివ్వడాన్నే నేను సృజన అంటాను.

ఇక్కడ నాకు ఎదురొచ్చే ప్రశ్న న్యాయమైనదే, దాన్ని దాటేయను. ఊరికే చేయమని అడిగే క్లయింట్ల చేతిలో కుర్ర డిజైనర్లు నలిగిపోతున్నారు కదా? నిజం. "ముందు ఈ సైటు చేసిపెట్టు, నీకు పేరొస్తుంది" అని లాభాల్లో ఉన్న వ్యాపారి అడిగితే, కుదరదని మొహం మీదే చెప్పాలి. అది ఇవ్వడం కాదు, లాక్కోవడం. ఒకరి లాభానికి ఊరికే పని చేయడం వేరు, అందరిదైన దానికి చేయి వేయడం వేరు. అందరిదైనది అంటే ఊరి చెరువు. నీళ్లు అందరూ తోడుకుంటారు, పూడిక తీసే రోజున మాత్రం ఇద్దరే పార పట్టుకుంటే చెరువు ఎన్నాళ్లుంటుంది? 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం ఓపెన్ఎస్ఎస్ఎల్ సాఫ్ట్‌వేర్‌లో బయటపడినప్పుడు జరిగింది అదే. ప్రపంచంలోని సర్వర్లలో పెద్ద భాగం భద్రతకు ఆధారపడిన ఓపెన్ఎస్ఎస్ఎల్‌కు అప్పటికి ఏడాదికి వచ్చే విరాళాలు 2,000 డాలర్ల దగ్గర ఉండేవి, దాని మీద పూర్తి సమయం పని చేసే మనిషి ఒక్కడే. ఉచితంగా ఇవ్వడంలో తప్పు లేదు, తీసుకున్నవాళ్లు తిరిగి ఇవ్వకపోవడంలో ఉంది. దానికి మందు ఇవ్వడం మానేయడం కాదు, ఇచ్చేవాళ్లను పెంచడం.

అందుకని కుర్ర డిజైనర్లను నేను అడిగేది పెద్ద త్యాగాలేవీ కాదు. ఫాంటులో ఒక వత్తు తప్పుగా పడితే తిట్టుకుని ఇంకో ఫాంటుకు మారకండి, స్క్రీన్‌షాట్ తీసి ఆ ఫాంటు తయారుచేసినవాళ్లకు రాయండి. వర్డ్‌ప్రెస్‌లో తెలుగు అనువాదం అర్థంకాకుండా ఉంటే మెరుగైన మాట సూచించండి, ఆ తలుపు ఎవరికైనా తెరిచే ఉంటుంది. వత్తులు తెగకుండా మీరు కనిపెట్టిన కొలతలు దాచుకోకుండా బయట పెట్టండి. సొంతంగా ప్రాజెక్టులు చేసేవాళ్లయితే కొటేషన్లో హోస్టింగ్, డొమైన్ కింద ఇంకో వరుస చేర్చండి: ఈ సైటులో వాడిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు, ఫాంట్లకు చందా. ఆ వరుస మీద వేలు పెట్టి ఇదేమిటని క్లయింటు తప్పకుండా అడుగుతాడు. అతని సైటు ఎవరెవరి పని మీద నిలబడబోతోందో పేర్లతో సహా అప్పుడు చెప్పండి.