సైకిలుకు చోటు లేని సర్కారు ఆవరణ

కొండాపూర్ అనగానే చాలామందికి హైటెక్ సిటీ పక్కనున్న అద్దాల మేడలు గుర్తొస్తాయి. మన చర్చ ఆ కొండాపూర్ గురించి కాదు. సంగారెడ్డి జిల్లాలో, శాతవాహనుల నాటి పట్టణం దిబ్బగా మిగిలినచోట, పురావస్తు మ్యూజియం పక్కన బతుకుతున్న మండల కేంద్రం గురించి. అక్కడ సైకిలు ఆదివారం వ్యాయామం. ఇక్కడి నుంచి పాశమైలారం, పటాన్‌చెరు దాకా అది కార్మికుణ్ని షిఫ్టుకు చేర్చే బండి, పిల్లను బడికి తీసుకెళ్లే బండి, పాల క్యాన్లు మోసే బండి.

ఈ జిల్లాలోనే కాదు, రాష్ట్రంలో చాలా మండల కార్యాలయాల ఆవరణలు ఒకే తీరుగా ఉంటాయి. అధికారి కారుకు రేకుల షెడ్డు ఉంటుంది. మోటారు సైకిళ్లు వేపచెట్టు నీడను పంచుకుంటాయి. సైకిలు మీద వచ్చిన మనిషి దాన్ని ప్రహరీకి ఆనించి, ముందు చక్రానికి గొలుసు చుట్టి, ఒక కన్ను దానిమీదే ఉంచి వరుసలో నిలబడతాడు. దారికి అడ్డమైందని ఎవరో గాలి తీసేస్తారు. ఇక పంక్చరు దుకాణం దాకా నెట్టుకుంటూ పోవాలి. ఈలోగా షిఫ్టు సైరను మోగుతుంది, ఆ పూట కూలి పోతుంది. ధ్రువపత్రానికి మరో రోజు మళ్లీ రావాలి.

ఇంత చిన్న విషయానికి సంపాదకీయమా అని అడిగేవారు ఉండవచ్చు. నేషనల్ బిల్డింగ్ కోడ్ లెక్కలో కారు నిలపడానికి కనీసం 13.75 చదరపు మీటర్లు కావాలి, సైకిలుకు 1.4 చాలు. ఒక్క కారు చోటులో తొమ్మిది సైకిళ్లు పడతాయి. కావలసింది నాలుగు ఇనుప గొట్టాలు, పైన రేకు, రాత్రికి ఒక బల్బు. నిధుల్లేవన్న పాత పాట ఇక్కడ చెల్లదు. కొరవడింది పట్టింపు.

నిధుల సంగతే ఎత్తితే మరో దృశ్యం కళ్లముందుకొస్తుంది. అవుటర్ రింగు రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. పైకప్పు నిండా సౌర ఫలకాలు, 16 మెగావాట్ల సామర్థ్యం. దాని ఒక కొస కొల్లూరు, అంటే ఇదే సంగారెడ్డి జిల్లా. మంచి పనే, తప్పుపట్టడం లేదు. కానీ సరదాకు తొక్కేవారి నెత్తిన నీడ పరిచిన యంత్రాంగానికి, పని మీద తొక్కుకుంటూ వచ్చినవాడి సైకిలు మీద రేకు వేయడానికి చేతులు రాకపోవడాన్ని ఏమనాలి? ఆ ఏడాది చివర్లో ప్రభుత్వం మారింది. ఆవరణల తీరు మారలేదు.

ప్రైవేటు భవనాల దగ్గర ఇదే ప్రభుత్వం కచ్చితంగా ఉంటుంది. 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168 ప్రకారం నిర్మాణంలో ఇంత శాతం పార్కింగుకు వదలాల్సిందే. పరులకు చెప్పే నీతి తన ఆవరణలో మాత్రం కారు దగ్గరే ఆగిపోతోంది. నడిచేవారికీ సైకిలుదారులకూ ప్రాధాన్యం ఇవ్వాలని 2006లోనే జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. కాగితం మీది ప్రాధాన్యం గేటు దాటి లోపలికి రాలేదు.

పూర్వం సినిమా హాలువాళ్లకు ఈ ఇంగితం ఉండేది. సైకిలు తీసుకుని చీటీ ఇచ్చేవారు, ఆట వదిలాక అదే చీటీ చూసి అప్పగించేవారు. బస్టాండుల్లో సైకిల్ స్టాండు కాంట్రాక్టుకు పోటీ ఉండేది. ఇంకో విడ్డూరం. పాలన ఊళ్లకు దగ్గర కావాలని 1985లో మండలాలను తెచ్చింది సైకిలు గుర్తు మీద గెలిచిన ఎన్టీఆర్ ప్రభుత్వమే. గోడలకెక్కిన సైకిలుకు ఆ గోడ పక్కన నిలిచే చోటు మాత్రం దొరకలేదు.

సర్కారు లెక్కలోకి రాని బండిని ఆస్పత్రులు, ఫంక్షన్ హాళ్లు, కంపెనీలు ఎందుకు లెక్కపెడతాయి? గేటు దగ్గర చిన్నచూపు తప్పదని తెలిసిన కార్మికుడు వాయిదాల మీద మోటారు సైకిలు కొంటాడు. అతని నెల జీతంలో కొంత పెట్రోలుకూ, కొంత ఫైనాన్సుకూ పోతుంది. ఆ తర్వాత రహదారి మీద రద్దీ పెరిగిపోయిందని సమీక్షా సమావేశాలు పెడతారు. రైల్వే స్టేషన్ల ముందు సైకిళ్లు గుట్టలు పడినప్పుడు జపాన్ సైకిలుదారులను తరమలేదు. వాటిని నిలిపే ఏర్పాట్లకు 1980లో ఏకంగా చట్టం చేసింది.

జిల్లా యంత్రాంగం ఈ పనిని కొండాపూర్‌తోనే మొదలుపెట్టవచ్చు. తహసీల్ కార్యాలయం, ఆరోగ్య కేంద్రం, ఉన్నత పాఠశాల, మ్యూజియం, ప్రజావాణి జరిగే కలెక్టరేటు, ప్రతిచోటా గేటుకు దగ్గర్లో, మనుషులు తిరిగేచోట నీడ ఉన్న స్టాండు రావాలి. వెనక చెత్తకుప్ప పక్కన కాదు. కొత్తగా కట్టే ఏ ప్రభుత్వ భవనానికైనా సైకిల్ స్టాండు పూర్తికానిదే కాంట్రాక్టరుకు చివరి బిల్లు చెల్లించకూడదు. పౌరుడి సైకిలు గాలి తీసే అధికారం ఏ ఉద్యోగికీ లేదని ఆ స్టాండు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి.