ముందు ‘పట్టు’ అందాం

పిల్లలూ, బైలడీలా ఇనుప ఖనిజంతో జగదల్‌పుర్ మీదుగా విశాఖపట్నం వెళ్లే గూడ్స్ రైళ్లు మీకు తెలిసినవే. వాటిని లాగే ఇంజను బరువు 100 టన్నులు దాటుతుంది. అంత బరువెందుకు? ఇంజను తేలికైతే చక్రాలు పట్టాల మీద ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, బండి కదలదు.

జారిపోకుండా రెండు తలాలను నిలిపి ఉంచే బలమే స్థైతిక ఘర్షణ. బరువు రెట్టింపైతే దాని గరిష్ఠ విలువ కూడా దాదాపు రెట్టింపవుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త అమోంటన్స్ 1699లో ఈ నియమం చెప్పాడు. వానకు పట్టాలు తడిస్తే, బరువు అంతే ఉన్నా ఆ బలం తగ్గుతుంది. అందుకే చక్రాల ముందు ఇసుక వదులుతారు.

ఎన్నో ఊళ్లలో పనిచేశాక నాకు తోచిందొకటే: దీన్ని ముందు ‘పట్టు’ అని నేర్పాలి. సైన్సు హిందీలోనో ఇంగ్లీషులోనో చదివే మీకు తెలుగు అన్నం, నీళ్ల మాటలకే మిగిలిపోతోంది. కానీ “గట్టిగా పట్టుకో” అని అమ్మ అన్నప్పుడల్లా ఈ పాఠం ఇంట్లో వినిపిస్తూనే ఉంది.

ఈ సాయంత్రం రెండు పుస్తకాలను, తర్వాత నాలుగింటిని దారం కట్టి బల్ల మీద లాగండి. తేడా ఏమిటో అమ్మానాన్నలకు తెలుగులో చెప్పండి.