కుర్చీల లెక్కయా, ఆట లెక్కయా?

జపాను దేశపు వృత్తి ఫుట్‌బాలులో రెండవ తరగతి యగు జె-2 లీగునందు 2018వ సంవత్సరమున జరిగిన తీర్పును న్యాయమని యొప్పుకొనుటకు మాకు మనసు రాకున్నది.

ఆ యేట 22 జట్లలో నొక్కొక్కటి 42 ఆటలాడినది. మట్సుమొటో జట్టు 77 పాయింట్లతో ప్రథమస్థానము నొందెను. ఒయిటా, యొకోహామా ఎఫ్‌.సి., మచిదా జెల్వియా మూడును 76 పాయింట్లతోడనే నిలిచినవి. గోలుల తేడాచే రెండవదైన ఒయిటా నేరుగా జె-1కు ఎక్కెను. మూడవదానికి ప్లేఆఫు దక్కెను. నాల్గవదగు మచిదాకు తలుపే తెఱవలేదు! ఏమి నేరము? జె-1 లైసెన్సు లేదట. పై తరగతికి 15,000 మంది పట్టు క్రీడాంగణము కావలెను, మచిదా వారిది చిన్నది, అభ్యాసవసతులును చాలవట.

ప్రతిపక్షుల వాదము మే మెఱుగుదుము. పోషకుడు చేయి విడువగా యొకోహామా ఫ్లూగెల్సు సంఘ మంతరించిన కథ వారు చెప్పుదురు. జమాఖర్చులు శోధింపుడు, వలదన్న వారెవరు? కాని ఆ క్రీడాంగణము మచిదా పురపాలకసంఘపు సొత్తు. పురపాలకులు కట్టని మెట్లకు ఆటగాండ్రు శిక్ష ననుభవించుట యే ధర్మశాస్త్రము? లైసెన్సు నిచ్చి, కట్టుటకు గడువు పెట్టియుండిన లీగువారి సొమ్మేమి పోయెడిది?

ఆ మచిదాయే 2023లో 87 పాయింట్లతో జె-2 గెలిచి, 2024లో జె-1న అడుగిడిన తొలియేటనే మూడవస్థానమున నిలిచెను. ఆటగాని వృత్తి మా న్యాయవాదుల వృత్తివలె నలువదియేండ్లు సాగునది కాదు. 2018 నాటి వారికి ఆ యైదేండ్లను లీగువారు తిరిగి యీయగలరా?